ప్యాకేజీలో ఇరికించిన పరీక్ష

మా కాలనీ మలుపులో కొత్తగా వెలసిన రక్తపరీక్షల కేంద్రం వారు ఇంటింటికీ ఒక రంగుల కరపత్రం పంచారు. ‘50 దాటిన పురుషులకు ప్రత్యేక ప్యాకేజీ’ అని పెద్ద అక్షరాల్లో ఉంది. దాని కింద చక్కెర, కొవ్వు, థైరాయిడ్, కాలేయం, మూత్రపిండాలు, విటమిన్ డి, బి12 అంటూ పొడవాటి వరుస. ఆ వరుసలో ఎవరి కంటా పెద్దగా పడని చోట పి.ఎస్.ఎ. అనే మూడక్షరాలు ఉన్నాయి. పొద్దున్నే ఇంటికే వచ్చి రక్తం తీసుకుంటారట. సాయంత్రానికల్లా ఫోనుకు ఫలితం వస్తుందట. బంధువులను కూడా చేర్పిస్తే తగ్గింపు ఇస్తారట.

మిగతావాటి జోలికి నేను పోను. ప్రోస్టేట్ గ్రంథి కోసం చేసే ఈ పి.ఎస్.ఎ.ను మాత్రం ఆ వరుసలోంచి తీసేయాలని నా వాదన. అది పనికిమాలిన పరీక్ష అని అనడం లేదు. నాకు ప్రోస్టేట్ క్యాన్సర్ ఉందని తెలిసింది దానివల్లే. నా అభ్యంతరమల్లా అది జరిగే తీరు మీద. ఎవరికి చేస్తున్నాం, ఏ వయసులో చేస్తున్నాం, ఫలితం ఎక్కువ వస్తే తర్వాత ఏం చేస్తాం అని ఒక్క మాటైనా అనుకోకుండా, విటమిన్ల పక్కన దాన్ని కూడా కలిపేస్తున్నారు. అడగని వాడికి ఇలా అందిస్తూనే, నిజంగా అవసరమైన వాడికి అందకుండా చేస్తున్నాం. ఆ రెండో మనిషి పల్లెలో నడుము నొప్పికి మాత్రలు మింగుతూ కూర్చుని ఉంటాడు. ఆయన దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు ఆ గ్రంథి సంగతి. ప్రోస్టేట్ మగవాళ్ళలో మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉంటుంది. పడుచువయసులో దాని బరువు 20 గ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ దాదాపు అందరిలోనూ అదీ పెరుగుతుంది. ఆ పెరుగుదల మూత్రనాళాన్ని చుట్టుకుని ఉన్న లోపలి భాగంలో వస్తుంది కాబట్టి ధార సన్నబడుతుంది, రాత్రిళ్ళు పదేపదే లేవాల్సి వస్తుంది, పోసినా ఇంకా మిగిలిందనిపిస్తుంది. ఇది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు కూడా. క్యాన్సర్ చాలావరకు గ్రంథి వెలుపలి అంచున, మలద్వారం వైపు ఉండే భాగంలో మొదలవుతుంది. అక్కడ పుట్టింది మూత్రనాళాన్ని ఒత్తాలంటే చాలా కాలం పడుతుంది. అందుకే రాత్రి నాలుగుసార్లు లేచే మనిషి భయపడుతూ పరీక్షకు వస్తాడు, హాయిగా నిద్రపోయే మనిషిలో జబ్బు చప్పుడు చేయకుండా పెరుగుతూ ఉండవచ్చు. లక్షణాలను నమ్ముకుంటే ఇక్కడ రెండు వైపులా మోసపోతాం.

పి.ఎస్.ఎ. అనేది ఈ గ్రంథి తయారుచేసే ఒక ప్రొటీన్. గడ్డకట్టిన వీర్యాన్ని పలచబరచడం దాని పని. అందులో కొంచెం రక్తంలోకి జారుతుంది. మంచి కణాలూ దాన్ని తయారుచేస్తాయి, క్యాన్సర్ కణాలూ తయారుచేస్తాయి. గ్రంథి పెరిగినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, మూత్రపు గొట్టం వేసినా, పరీక్షకు ముందు ఒకటి రెండు రోజుల్లో భార్యతో కలిసినా ఆ సంఖ్య పెరగవచ్చు. ఈ సంగతి కరపత్రంలో ఉండదు. రక్తం తీసే కుర్రవాడు ‘ఏమీ తినలేదు కదా సార్’ అని అడుగుతాడు తప్ప ఇవేవీ అడగడు.

అతను అడగని ఇంకో ప్రశ్న మరీ ముఖ్యమైనది. గ్రంథి పెరిగినవారికి మన దగ్గర టామ్సులోసిన్, డ్యుటాస్టరైడ్ కలిసిన మాత్ర విరివిగా రాస్తారు. డ్యుటాస్టరైడ్, ఫినాస్టరైడ్ రకం మందులు కొన్ని నెలలు వాడితే పి.ఎస్.ఎ. దాదాపు సగానికి పడిపోతుంది. జుట్టు రాలకుండా ఫినాస్టరైడ్ వాడేవారికీ అంతే. అలాంటి మనిషికి 3 వచ్చిందంటే అసలు లెక్క 6కు దగ్గరగా ఉన్నట్టు. కాగితం మీద మాత్రం అది ‘సాధారణం’ అనే గడిలో నల్ల అక్షరాలతో చల్లగా కూర్చుంటుంది. మందు సంగతి తెలియని యంత్రం అంతకన్నా ఏం చెప్పగలదు?

ఆ ‘సాధారణం’ అనే గీత మిల్లీలీటరుకు 4 నానోగ్రాముల దగ్గర గీశారు. అదీ గట్టి గోడ కాదు. 2004లో అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం ఫలితం వచ్చింది. 4కు లోపే ఉన్న మగవాళ్ళకు కూడా చివర్లో బయాప్సీ చేసి, అంటే గ్రంథిలోంచి సూదితో ముక్కలు తీసి చూస్తే నూటికి 15 మందిలో క్యాన్సర్ కనబడింది. మరోవైపు 4 నుంచి 10 మధ్య ఉన్నవారికి బయాప్సీ చేస్తే క్యాన్సర్ తేలేది సుమారు నలుగురిలో ఒకరికే. 1970లో ఈ ప్రొటీన్‌ను గుర్తించిన రిచర్డ్ ఆబ్లిన్ అనే శాస్త్రవేత్తే, సరిగ్గా నలభై ఏళ్ళ తర్వాత న్యూయార్క్ టైమ్స్‌లో వ్యాసం రాసి, తాను కనిపెట్టిన దాన్ని ఇలా ఇష్టం వచ్చినట్టు వాడటం ఎంతో ఖరీదైన ప్రజారోగ్య విపత్తు అయిందని వాపోయాడు. ఆయనంత కోపం నాకు లేదు. అయినా, కనిపెట్టినవాడే తల పట్టుకున్న పరీక్షను తగ్గింపు ధరకు పంచుతున్నారంటే కొంచెం ఆగి ఆలోచించాలి కదా.

నా సంగతి చెబుతాను. బ్యాంకులో పదవీ విరమణకు ముందు జరిగిన వార్షిక పరీక్షల్లో నా సంఖ్య 6కు దగ్గరగా వచ్చింది. మొదట వెళ్ళిన పెద్ద ఆసుపత్రిలో డాక్టరు కాగితం చూసి, నా ముఖం చూడకుండానే ‘రేపు ఖాళీ కడుపుతో రండి, బయాప్సీ చేద్దాం’ అన్నారు. నాకెందుకో ఆ తొందర నచ్చలేదు. ఇంకో యూరాలజిస్టు, అంటే మూత్రవ్యాధుల నిపుణురాలి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ముందు మూత్రపరీక్ష చేయించి ఇన్ఫెక్షన్ లేదని చూసుకున్నారు, వేలితో గ్రంథిని పరీక్షించారు, కొన్ని వారాలు ఆగి పి.ఎస్.ఎ. మళ్ళీ చేయించారు. తగ్గలేదు. అప్పుడు ఎమ్మారై స్కానింగ్ రాశారు.

ఈ వరుసక్రమంలోనే గత పదేళ్ళలో పెద్ద మార్పు వచ్చింది. పాత పద్ధతిలో సంఖ్య ఎక్కువ వస్తే చాలు, మలద్వారం గుండా సూది పంపి, గ్రంథిలో అక్కడక్కడా పన్నెండు ముక్కలు గుడ్డిగా తీసేవారు. 2017లో బ్రిటన్ నుంచి వెలువడిన ప్రోమిస్ అధ్యయనం, ముందుగా ఎమ్మారై చేస్తే సుమారు నాలుగో వంతు మందికి బయాప్సీ అవసరమే ఉండదని చూపింది. మరుసటి ఏడాది ప్రెసిషన్ అధ్యయనం ఇంకో అడుగు వేసింది. ఎమ్మారైలో అనుమానం వచ్చిన చోటే సూది దించితే, ప్రమాదకరమైన క్యాన్సర్ నూటికి 38 మందిలో దొరికింది. పాత పద్ధతిలో అది 26. ప్రమాదం లేని చిన్నాచితకా క్యాన్సర్లు పట్టుబడటం మాత్రం 22 నుంచి 9కి తగ్గింది. పట్టుకోవాల్సినవి ఎక్కువ, వదిలేయాల్సినవి తక్కువ. ఇంతకన్నా ఏం కావాలి? బయాప్సీ కూడా ఇప్పుడు మలద్వారానికీ వృషణాలకూ మధ్య చర్మం గుండా చేస్తున్నారు. యాంటీబయాటిక్‌లకు లొంగని క్రిములు పేగుల్లో తిష్ఠ వేసిన మన దేశంలో, పేగు గుండా సూది పంపి రక్తంలోకి విషం ఎక్కించుకోవడం కన్నా ఇది మేలు. బయాప్సీ రాసినప్పుడు ‘ఏ దారిన చేస్తారు’ అని అడగండి. అడిగితే డాక్టర్లు ఏమీ అనుకోరు. అనుకుంటే అనుకోనివ్వండి.

నా బయాప్సీలో గ్లీసన్ స్కోరు 6 వచ్చింది. డొనాల్డ్ గ్లీసన్ అనే అమెరికన్ పాథాలజిస్టు 1966లో ఈ పద్ధతి తెచ్చాడు. సూక్ష్మదర్శినిలో కణాల అమరిక ఎంత చెదిరిపోయిందో చూసి, ఎక్కువగా కనబడిన రెండు రకాల అమరికలకు అంకెలు వేసి కలుపుతారు. ఇప్పుడు మామూలుగా ఇచ్చే స్కోర్లలో 6 అన్నిటికన్నా తక్కువ. అది 10 దాకా పోతుంది. 7 వచ్చిందని ఎవరైనా చెబితే, అది 3+4నా 4+3నా అని అడగాలి. కూడితే ఒకటే అయినా రెండోది ఎక్కువ దూకుడైన జబ్బు.

నా 3+3 చూసి డాక్టరు ఆపరేషన్ వద్దన్నారు. ‘కొన్నాళ్ళకోసారి పి.ఎస్.ఎ., అవసరాన్ని బట్టి ఎమ్మారై, మళ్ళీ బయాప్సీ. పెరుగుతున్నట్టు కనబడితే అప్పుడు చికిత్స చేద్దాం’ అన్నారు. నాకు సబబుగానే తోచింది. ఇంట్లో మాత్రం అగ్గి రాజుకుంది. మా బావమరిది విజయవాడ నుంచి దిగాడు. ‘బావగారూ, క్యాన్సర్ అని కాగితం మీద రాసి ఉంది. తీయించేసుకుంటే పీడ పోతుంది కదా! డబ్బు గురించి ఆలోచిస్తున్నారా?’ అన్నాడు. మా ఆవిడ ఏమీ అనలేదు. కానీ రాత్రి పడుకునే ముందు ‘చూస్తూ ఊరుకోవడం కూడా వైద్యమేనా అండీ?’ అని అడిగింది.

వైద్యమే. దానికి లెక్కలున్నాయి. టొరంటోలో లారెన్స్ క్లోట్జ్ బృందం 1995 నుంచి ఇలా గమనిస్తూ వచ్చిన దాదాపు వెయ్యి మందిలో, పదిహేనేళ్ళ తర్వాత చూస్తే ఈ క్యాన్సర్‌తో చనిపోనివారు 94 శాతం. బ్రిటన్‌లో ప్రొటెక్ట్ అనే అధ్యయనం ఇంకా గట్టిది. పి.ఎస్.ఎ. ద్వారా బయటపడిన తొలిదశ రోగులు 1,643 మందిని చీటీ తీసినట్టు మూడు భాగాలుగా చేశారు. ఒకరికి గమనింపు, ఒకరికి ఆపరేషన్, ఒకరికి రేడియేషన్. పదిహేనేళ్ళకు మూడు గుంపుల్లోనూ ఈ జబ్బుతో పోయినవారు నూటికి ముగ్గురికి అటూ ఇటూగానే ఉన్నారు. 2023లో ఈ లెక్క వెలువడింది. ఇందులో గమనింపు పక్షానికి రుచించని అంకెలూ ఉన్నాయి, వాటిని దాచను. గమనింపులో ఉన్నవారిలో 9.4 శాతానికి జబ్బు వేరేచోటికి పాకింది, మిగతా రెండు గుంపుల్లో అది 5 శాతం దగ్గర ఆగింది. గమనింపు మొదలుపెట్టినవారిలో 61 శాతం మంది ఆ పదిహేనేళ్ళలో ఎప్పుడో ఒకప్పుడు చికిత్సకు మళ్ళారు. కాబట్టి నేను చేస్తున్నది జబ్బును మర్చిపోవడం కాదు. క్రమం తప్పకుండా కనిపెట్టి ఉండటం. పరీక్షలు ఎగ్గొట్టే స్వభావం ఉన్నవారికి ఈ దారి నేను చెప్పను.

ఆ అధ్యయనంలోనే ఇంకో పట్టిక ఉంది. మా బావమరిదికి అదే చూపించాను. ఆపరేషన్ అయిన ఆరు నెలలకు 46 శాతం మంది మూత్రం కారుతూ ప్యాడ్లు వాడారు, ఆరేళ్ళ తర్వాత కూడా 17 శాతం వాడుతున్నారు. సంభోగానికి సరిపడే పటుత్వం చికిత్సకు ముందు 67 శాతానికి ఉంటే, ఆపరేషన్ అయిన ఆరు నెలలకు 12 శాతానికి మిగిలింది. రేడియేషన్ వారిలో 22, గమనింపులో 52. వయసుతో అందరిలోనూ తగ్గుతుంది, నిజమే. కానీ అవసరం లేకుండా ముందే పోగొట్టుకోవడం వేరు.

నాతో పనిచేసిన మిత్రుడొకాయన దగ్గర ఈ తేడా కళ్ళారా చూశాను. ఆయనదీ తక్కువ స్కోరే. ప్యాకేజీ పరీక్షలో సంఖ్య పెరిగిందని తేలిన కొద్ది వారాల్లోనే ఆపరేషన్ అయిపోయింది. చూసి రమ్మంటే కాల్చి వచ్చారు. ఆయనకు ఆపరేషన్ చేయించుకున్నందుకు పశ్చాత్తాపం లేదు, ‘నిశ్చింతగా నిద్రపోతున్నాను’ అంటాడు. ఆ నిశ్చింతకూ విలువ ఉందని ఒప్పుకుంటాను. కానీ పెళ్ళిళ్ళకు రావడం మానేశాడు. బస్సు ఎక్కాలంటే ముందు మరుగుదొడ్డి ఎక్కడుందో కనుక్కుంటాడు. ‘ఇలా ఉంటుందని ముందే చెప్పి ఉంటే అప్పటికీ చేయించుకునేవాడినేమో. చెప్పాలి కదా మరి’ అన్నాడు. నా వాదన మొత్తం ఆ ‘చెప్పాలి కదా’ దగ్గరే ఉంది.

అసలు లక్షణాలు లేని మగవాళ్ళకు మూకుమ్మడిగా పి.ఎస్.ఎ. చేస్తే ప్రాణాలు నిలుస్తాయా? ఐరోపాలో ఎనిమిది దేశాల్లో 55 నుంచి 69 ఏళ్ళ మగవాళ్ళు 1,62,000 మందితో 1990లలో మొదలైన అధ్యయనం 23 ఏళ్ళ లెక్క 2025లో ప్రచురించింది. పరీక్షకు పిలిచిన గుంపులో ఈ క్యాన్సర్ మరణాలు 13 శాతం తక్కువ. అంటే 456 మందిని పిలిస్తే ఒక మరణం తప్పింది. అమెరికాలో జరిగిన మరో పెద్ద అధ్యయనంలో లాభమే కనబడలేదు. అయితే అక్కడ పోలిక కోసం పరీక్ష చేయకుండా ఉంచిన గుంపువారే అత్యధికులు బయట ఎక్కడో చేయించుకున్నారు, ఇక తేడా ఎలా తెలుస్తుంది? నా మటుకు నేను ఐరోపా లెక్కనే నమ్ముతాను. లాభం నిజం, కానీ చిన్నది. పైగా భారతదేశంలో ఈ జబ్బు ఐరోపాలో కన్నా చాలా తక్కువ మందికి వస్తుంది కాబట్టి మన దగ్గర ఆ లాభం ఇంకా పలచబడే అవకాశం ఉంది. ఇంత సున్నితమైన త్రాసును మనిషికీ మనిషికీ విడిగా తూచాలి. అమెరికా నిపుణుల సంఘం 2012లో ఈ పరీక్ష ఎవరికీ వద్దంది, 2018లో దిగివచ్చి, 55 నుంచి 69 ఏళ్ళ వారు డాక్టరుతో మాట్లాడి సొంతంగా నిర్ణయించుకోవాలంది. 70 దాటితే వద్దనే మాట మీద నిలబడింది. న్యూజెర్సీలో ఉండే మా పినతండ్రి కొడుకుకు అక్కడి డాక్టరు రక్తం తీయడానికి ముందు లాభనష్టాలు వివరించి, ఇంటికెళ్ళి ఆలోచించుకోమన్నారట. ఇక్కడ మా కాలనీలో 78 ఏళ్ళ పెద్దాయనకు, గుండెలో రెండు స్టెంట్లు ఉన్న మనిషికి, కొడుకు పుట్టినరోజు కానుకగా ప్యాకేజీ కొన్నాడు.

దీనికి ఎదురు ప్రశ్న వెంటనే వస్తుంది. జో బైడెన్ సంగతేమిటి? 2025 మే నెలలో, 82 ఏళ్ళ వయసులో, ఆయనకు గ్లీసన్ 9 ఉన్న క్యాన్సర్ ఎముకలకు పాకిన దశలో బయటపడింది. చివరిసారి పి.ఎస్.ఎ. చేసింది 2014లో అని ఆయన ప్రతినిధి చెప్పారు. అమెరికా అధ్యక్షుడికే దొరకని జబ్బు మాకెలా దొరుకుతుందని మా బావమరిది మళ్ళీ ఫోన్ చేశాడు. నిజమే, వయసు గీత గీస్తే ఆ గీతకు అవతల కొందరు నష్టపోతారు. ఆరోగ్యంగా, చురుగ్గా ఉండే 72 ఏళ్ళ మనిషి తెలిసి తెలిసి పరీక్ష కోరితే నేను కాదనను. కానీ పాశ్చాత్య దేశాల్లో 80 దాటి వేరే కారణాలతో పోయినవారి గ్రంథులు పరీక్షిస్తే, సుమారు సగం మందిలో బతికుండగా ఎన్నడూ బాధించని క్యాన్సర్ కనబడింది. ఆ వయసులో అందరికీ వల వేస్తే పడేది ఎక్కువగా ఆ చేపలే. ఇంకో మంచి సూచన స్వీడన్ నుంచి వచ్చింది. 60 ఏళ్ళప్పుడు పి.ఎస్.ఎ. 1 కన్నా తక్కువ ఉన్నవారిలో 85 ఏళ్ళ లోపు ఈ క్యాన్సర్‌తో పోయే అవకాశం వెయ్యికి ఇద్దరే. అలాంటివారు ఏటేటా ఆ కరపత్రం వెంట పరుగెత్తాల్సిన పని లేదు.

ఇప్పుడు మా పెదనాన్న.

పల్నాడులో మెట్ట వ్యవసాయం చేసిన మనిషి. 66 ఏళ్ళప్పుడు నడుము నొప్పి మొదలైంది. చేలో వంగి పనిచేసిన నడుము నొప్పి పుట్టదా అని అందరూ అనుకున్నారు. ఊరి ఆర్.ఎం.పి. సూదిమందు వేస్తే రెండు రోజులు తగ్గేది. నెలలు గడిచాయి. రాత్రిళ్ళు పడుకున్నా తగ్గని నొప్పి అది. విశ్రాంతితో తగ్గని నడుము నొప్పిని తేలిగ్గా తీసుకోకూడదని చెప్పేవారు లేరు. ఒకరోజు కాళ్ళలో బలం లేక పడిపోయాడు. గుంటూరుకు తీసుకువెళ్ళి స్కానింగ్ చేస్తే, వెన్నుపూసలో పెరిగిన గడ్డ వెన్నుపామును నొక్కేస్తోంది. పి.ఎస్.ఎ. వందల్లో వచ్చింది. కొన్ని నెలల ముందు ఎవరైనా ఆ రక్తపరీక్ష రాసి ఉంటే ఆయన కాళ్ళు నిలిచేవి. ఇక్కడ 456 మందిలో ఒకరి లెక్క పనికిరాదు. లక్షణం ఉన్న మనిషికి చేసే పరీక్ష వేరు, ఆరోగ్యంగా ఉన్నవాడికి ఊరకే చేసే పరీక్ష వేరు. 60 దాటిన మగవాడికి కొత్తగా వచ్చిన, రోజురోజుకూ పెరిగే నడుము నొప్పి ఉంటే పి.ఎస్.ఎ. చేయించాలి. కాళ్ళు తిమ్మిరెక్కినా, మూత్రం బిగిసినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల గోడల మీద రాయాల్సింది ఇదీ.

పెదనాన్నకు డాక్టర్లు వృషణాలు తొలగించే ఆపరేషన్ చెప్పారు. 1941లో చికాగోలో చార్లెస్ హగ్గిన్స్, ఈ క్యాన్సర్ మగ హార్మోన్ మీద బతుకుతుందని, ఆ సరఫరా ఆపితే కుంచించుకుపోతుందని చూపించాడు. 1966లో నోబెల్ వచ్చింది. ఆ తర్వాత అదే పని చేసే ఇంజెక్షన్లు వచ్చాయి, నెలకో మూడు నెలలకో ఒకటి చొప్పున. కోత లేదు, కానీ ఖర్చు ఆగదు, ఊరి నుంచి తిరగాలి, ఒకసారి తప్పితే హార్మోన్ మళ్ళీ లేస్తుంది. ఆపరేషన్ ఒక్కసారితో అయిపోతుంది, గంటల్లోనే హార్మోన్ పడిపోతుంది. మా పెద్దనాన్న కొడుకు ససేమిరా అన్నాడు. ‘నాన్నకు ఆ పని చేయిస్తే ఊళ్ళో తలెత్తుకోగలమా?’ అని వరండాలో గొడవ. మా పెద్దమ్మ ఒక్క మాటతో తేల్చింది. ‘ఆయన రాత్రిళ్ళు మూలుగుతుంటే వింటున్నది నేను, ఊరు కాదు. ఎక్కడ సంతకం పెట్టాలో చెప్పండి.’ కొద్ది రోజుల్లోనే నొప్పి తగ్గింది. కాళ్ళు మాత్రం తిరిగి రాలేదు. మూడేళ్ళకు పైగా మంచం మీదే ఉన్నా, ఇంటి లెక్కలన్నీ ఆయనే చూశాడు, పత్తి ధర మీద అందరితో పోట్లాడాడు.

ఎముకలకు పాకిందంటే ఇక అంతేనని మనవాళ్ళు చేతులెత్తేస్తారు. అది తప్పు. ఫ్రాన్స్ అధ్యక్షుడు మిట్టరాండ్‌కు 1981లో ఎముకలకు పాకిన దశలోనే ఈ జబ్బు బయటపడింది. దేశానికి చెప్పకుండా దాచి, రెండు పదవీకాలాలూ పూర్తిచేసి, 1996 జనవరిలో కన్నుమూశాడు. ఆ దాపరికాన్ని నేను మెచ్చుకోను, ఆ పద్నాలుగేళ్ళ ఆయుష్షును గమనించమంటున్నాను. అందరికీ అంత దొరకదు. కానీ ఆనాడు లేని మందులు ఇప్పుడున్నాయి. హార్మోన్ చికిత్సకు మొదట్లోనే అబిరటెరోన్ అనే మాత్ర కలిపితే, మూడేళ్ళకు బతికి ఉన్నవారు 76 నుంచి 83 శాతానికి పెరిగారని స్టాంపీడ్ అధ్యయనం 2017లో చూపింది. ఆ మందుకు మన దేశంలోనే తయారైన చవక రకాలున్నాయి. దాన్ని ఖాళీ కడుపుతో 1000 మిల్లీగ్రాములు వేసుకోవాలి. నాలుగో వంతు మోతాదును, అంటే 250ను, తేలికపాటి ఆహారంతో ఇచ్చినా పి.ఎస్.ఎ. అంతే తగ్గిందని 2018లో 72 మందితో చేసిన చిన్న అధ్యయనం తేల్చింది. డబ్బుకు కటకటగా ఉన్న రోగులకు మన డాక్టర్లు ఈ దారి చూపిస్తున్నారు. రోగి సొంతంగా మాత్రలు తగ్గించుకోకూడదు, డాక్టరును అడగవచ్చు. హార్మోన్ చికిత్సకు మూల్యం ఉంది. ఒంట్లో వేడి సెగలు, ఎముకలు గుల్లబారడం, చక్కెర పెరగడం, మనసు దిగులు పడటం. వీటి గురించి ఇంట్లో ఆడవాళ్ళకు కూడా చెప్పాలి, ఎందుకంటే కసురుకునేది ఎవరినో మనకు తెలుసు.

మధ్యరకం జబ్బు, గ్రంథి దాటనిది, ఆపరేషన్‌తోనో రేడియేషన్‌తోనో నయమవుతుంది. రోబో ఆపరేషన్ల చరిత్రలో మన తెలుగువారి చేయి ఉంది. అమెరికాలో స్థిరపడిన రాజ్ వట్టికూటి 2001లో ఇచ్చిన విరాళంతో డెట్రాయిట్‌లోని హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రిలో వట్టికూటి యూరాలజీ సంస్థ ఏర్పడింది. అక్కడే డాక్టర్ మణి మీనన్ రోబోతో ప్రోస్టేట్ తీసే పద్ధతికి రూపం ఇచ్చారు. గర్వపడదాం. దాంతోపాటు ఇదీ గుర్తుంచుకుందాం. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో రోబో ఆపరేషన్‌నూ మామూలు కోతనూ పోల్చి చూస్తే, రెండేళ్ళకు మూత్రం మీద అదుపులోనూ పటుత్వంలోనూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రోబోతో రక్తం తక్కువ పోతుంది, త్వరగా ఇంటికి వెళతారు. అందుకోసం పొలం అమ్మాల్సి వస్తే మాత్రం వద్దు. యంత్రం పేరు కన్నా ఆ సర్జన్ ఇలాంటివి ఎన్ని చేశాడో కనుక్కోవడం మేలు.

రేడియేషన్‌ను మన ఊళ్ళలో ‘కరెంటు పెట్టడం’ అంటారు, ఆ మాట వినగానే సగం మంది పారిపోతారు. నిజానికి ఎక్కువ ఇబ్బంది పెట్టేది ప్రయాణం. పాత పద్ధతిలో 37 రోజులు పెట్టేవారు. 2016లో బ్రిటన్ అధ్యయనం 20 రోజులతో అంతే ఫలితం వస్తుందని తేల్చింది. 2024లో వచ్చిన పేస్-బి అధ్యయనం, తక్కువ, మధ్యస్థ ప్రమాదం ఉన్నవారికి ఐదు విడతలతోనే సరిపోతుందంది. ఐదేళ్ళకు ఐదు విడతలవారిలో 95.8 శాతం, మామూలు పద్ధతివారిలో 94.6 శాతం జబ్బు తిరగబెట్టకుండా ఉన్నారు. ఆరోగ్యశ్రీ వంటి పథకాలు చికిత్స ఖర్చు భరించవచ్చు గానీ, హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికో, విశాఖ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో వచ్చిన రైతుకు గది అద్దె, తోడు వచ్చిన కొడుకు కూలి నష్టం ఎవరిస్తారు? 37కూ 5కూ తేడా ఆ కుటుంబానికి తెలుస్తుంది. ఐదు విడతల పద్ధతికి కావలసిన యంత్రాలూ నేర్పూ ప్రభుత్వ ఆసుపత్రుల్లో పెంచమని అడిగేవారు కావాలి. రోబోల ప్రారంభోత్సవాలకు వెళ్ళే మంత్రులను ఒకసారి ఈ ప్రశ్న అడిగి చూడండి.

మధ్యలో ఒక మాట. నా జబ్బు సంగతి తెలిసినప్పటి నుంచి వాట్సప్‌లో గుమ్మడి గింజలు, టమాటా రసం, విటమిన్ ఇ గుళికలు వస్తూనే ఉన్నాయి. 35,000 మందికి పైగా మగవాళ్ళతో అమెరికాలో చేసిన సెలెక్ట్ అధ్యయనంలో విటమిన్ ఇ వేసుకున్నవారికి ఈ క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా వచ్చింది. టమాటాలు పప్పులో వేసుకుంటున్నాను, గుళికలు పంపినవారికి తిప్పి పంపాను.

వంశం సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. తండ్రికో అన్నదమ్ములకో ఈ జబ్బు ఉంటే ముప్పు రెట్టింపుకు పైనే. బి.ఆర్.సి.ఎ.2 అనే జన్యువులో లోపం ఉంటే చిన్న వయసులో, దూకుడుగా వస్తుంది. ఆ లోపం ఆడవాళ్ళలో రొమ్ము, అండాశయ క్యాన్సర్లుగా బయటపడుతుంది, కాబట్టి వంశవృక్షం అడిగేటప్పుడు మేనత్తలనూ పిన్నమ్మలనూ కూడా లెక్కలోకి తీసుకోవాలి. మన ఇళ్ళలో ఆ జబ్బులను ‘లోపల గడ్డ’ అని చెప్పి దాటేస్తారు, తర్వాతి తరానికి సమాచారమే చేరదు. మా అబ్బాయికి 38. వాడికి నా బయాప్సీ కాగితం నకలు ఇచ్చాను, 45 వచ్చాక ఒకసారి డాక్టరుతో మాట్లాడమని చెప్పాను. ‘ప్యాకేజీలో వస్తుందిగా నాన్నా’ అన్నాడు వాడు. వాడికి ఇదంతా మొదటి నుంచీ చెప్పాల్సి వచ్చింది.

ఆ కరపత్రం పంచిన కేంద్రానికి కూడా వెళ్ళాను. పి.ఎస్.ఎ.ను తీసేయలేకపోతే కనీసం రక్తం తీసే ముందు నాలుగు ప్రశ్నలున్న కాగితం పెట్టమని అడిగాను. వయసు ఎంత, ప్రోస్టేట్ మాత్రలు వాడుతున్నారా, మూత్రంలో మంట ఉందా, ఫలితం ఎక్కువ వస్తే ఏ డాక్టరును కలుస్తారు. అక్కడి మేనేజరు మర్యాదగా విని, ప్యాకేజీ హైదరాబాదులోని ప్రధాన కార్యాలయం నిర్ణయిస్తుందని చెప్పాడు. ఆ నాలుగు ప్రశ్నలూ తెలుగులో రాసి మా కాలనీ సంఘం నోటీసు బోర్డు మీద అంటించాను. స్టెంట్లున్న పెద్దాయన వాటిని చదివి, పుట్టినరోజు ప్యాకేజీ చేయించుకుంటూనే ఆ ఒక్క పరీక్షను కొట్టేయించాడు. కొత్తగా నడుము నొప్పేమైనా ఉందా అని అడిగాను. లేదన్నాడు.